కుర్చీలోంచి లేచే తీరు

షుగరున్న పెద్దవాళ్లు మా ఫిజియోథెరపీ గదికి వస్తే నేను ముందు రిపోర్టులు అడగను. కుర్చీలోంచి ఎలా లేస్తారో చూస్తాను. మోకాళ్ల మీద చేతులు ఆన్చి, ఒకటికి రెండుసార్లు ముందుకు ఊగి, ‘అమ్మయ్య’ అంటూ లేచారంటే తొడల్లో సత్తువ తగ్గిందేమోనని నా అనుమానం. అలాంటివాళ్ల నడకలో అడుగు చిన్నదవుతుంది, పాదాలు ఎడంగా పడతాయి, చూపు నేల మీదే ఉంటుంది.

చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమంటాను. కండ క్షీణత మీద ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పిన లెక్క ప్రకారం అందుకు 12 సెకన్లు, ఆపైన పడితే పట్టించుకోవాల్సిందే. నడక వేగం సెకనుకు ఒక మీటరు కన్నా తగ్గినా అంతే. మన సిగ్నళ్ల దగ్గర రోడ్డు దాటడానికి ఆ వేగమూ చాలదనుకోండి!

షుగరుకీ తొడల సత్తువకీ సంబంధమేంటంటారా? తిన్నాక రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటా ఇన్సులిన్ సాయంతో కండలోకే వెళ్లాలి. కండ కరిగితే చక్కెరకు చోటు తగ్గుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే ఉన్న కండా నిలవదు. దీనికి నరాల జబ్బు తోడైతే కాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో కూడా తెలియదు కొందరికి.

మొన్నొక పెద్దాయన ‘బరువు తగ్గానమ్మాయ్, షుగరూ దిగింది’ అని సంబరపడ్డారు. చూస్తే ప్యాంటు తొడల దగ్గర సంచిలా వేలాడుతోంది. రాత్రిళ్లు రెండు పుల్కాలు, కాస్త బీరకాయ కూర. పప్పు తింటే గ్యాసట. ఈ వయసులో గుడ్డెందుకట. పోయిన బరువులో కండ ఎంతో కాటా చెప్పదు కదా.

షుగరనగానే మనవాళ్లు చెప్పేది ‘పొద్దున్నే నడవండి’ అనే. నడక మంచిదే, మానమనను. కానీ చదును బాట మీద కబుర్లాడుకుంటూ తిరిగితే తొడలకు పడే పనెంత? కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం, మెట్లెక్కడం రోజు విడిచి రోజైనా ఉండాలి. ‘మెషిన్ పెట్టరా?’ అంటారు చాలామంది, ఇదేం వైద్యమన్నట్టు. కిడ్నీ జబ్బుంటే పప్పూ గుడ్ల సంగతీ, కంటి రెటీనా దెబ్బతింటే వ్యాయామం సంగతీ డాక్టరును అడిగాకే.

ఆ పెద్దాయనకు మొదట కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచాను. ఇప్పుడు దిండు లేకుండానే లేస్తున్నారు. గుడ్డు మాత్రం ముట్టనన్నారు. వాళ్లావిడ పెసరట్టుకు ఒప్పించారు.