ఆఖరి పడవ ఎన్నింటికి?

సియాటిల్లో ఇల్లు చూసేవాళ్ళు చాలావరకు జూలైలోనే చూస్తారు. పిల్లలకు బళ్ళుండవు, వానలుండవు, రాత్రి తొమ్మిదింటిదాకా వెలుగుంటుంది. మేమూ అంతే. టెక్సాస్ ఎండల్లోంచి ఇద్దరు పిల్లల్నీ పదకొండు సూట్‌కేసుల్నీ వేసుకొచ్చిన రెండో వారమే బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపానికి పడవెక్కాం. పడవంటే చిన్నదేం కాదు, 202 కార్లు పట్టేంత. ఊరి నడిబొడ్డున కోల్మన్ డాక్‌లో ఎక్కితే 35 నిమిషాల్లో అవతలి ఒడ్డు. పైడెక్కు మీద గాలికి మా చిన్నదాని టోపీ ఎగిరి నీళ్ళలో పడింది. వెనక ఊరి మేడలు, పక్కన మంచు కప్పుకున్న రెయినియర్ కొండ. మా ఆయనది విశాఖ. సముద్రం కనిపిస్తే చాలు, ఆ మనిషికి లెక్కలు గుర్తుండవు. "ఇక్కడే ఉందాం" అన్నారు, ఇంకా ఒడ్డు చేరకుండానే.

నేను ఏమీ అనలేదు. నేను పుట్టింది పి.గన్నవరం దగ్గర ఒక లంకలో. పడవెక్కితే ఇంటికి వెళ్తున్నట్టే ఉంటుంది నాకు.

కాదంటే మాకున్న ఇంకో దారి బాథెల్. ఆయన ఆఫీసు రెడ్మండ్‌లో, నాది సియాటిల్లో వారానికి రెండు రోజులు. ఆఫీసుకి దగ్గర్లో, బాథెల్లోనే ఇల్లు ఇచ్చి, కొన్ని నెలల్లో సొంత ఏర్పాటు చూసుకోమన్నారు కంపెనీవాళ్ళు. బాథెల్ గురించి తెలుగువాళ్ళకి చెప్పేదేముంది? పొద్దున స్కూలు బస్సు కోసం నిలబడితే ఎవరి డబ్బాలో పులిహోర ఉందో, ఎవరి డబ్బాలో ఉప్మా ఉందో వాసన పట్టి చెప్పేయొచ్చు. సాయంత్రమైతే ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు, చీరల కింద స్పోర్ట్స్ షూలు తొడుక్కుని, జట్లుజట్లుగా నడుస్తుంటారు. గుడి ఉంది, కందిపప్పు దొరుకుతుంది, ఆదివారం పూట పిల్లలకి అక్షరాలు దిద్దించేవాళ్ళున్నారు. ఇళ్ళు మాత్రం అచ్చుపోసినట్టుంటాయి. గ్యారేజీ తలుపుకి రంగు మార్చాలన్నా సంఘం అనుమతి కావాలి. మొదటి నెలలో ఒకసారి పక్కింటి తాళంలో మా తాళంచెవి పెట్టి తిప్పాను.

ద్వీపం అలా కాదు. పాతిక వేల జనాభా, 1991 నుంచి ద్వీపమంతా కలిపి ఒకే ఊరు. దేవదారు చెట్ల మధ్య దాక్కున్న ఇళ్ళు. ఉత్తరపు కొసన అగేట్ పాస్ వంతెన ఉంది కానీ, అది కలిపేది అటువైపు ద్వీపకల్పంతో. రోడ్డు మీదే సియాటిల్ రావాలంటే టకోమా మీదుగా ఊరంతా చుట్టబెట్టాలి. ట్రాఫిక్ తగిలితే రెండు గంటలు దాటుతుంది. కాబట్టి పడవే. నడిచి ఎక్కేవాళ్ళకి సియాటిల్లో ఎక్కేటప్పుడే టికెట్టు, ద్వీపం నుంచి ఉచితం. పద్దెనిమిదేళ్ళదాకా పిల్లలకి 2022 అక్టోబర్ నుంచి ఎటైనా ఉచితమే. రోజూ తిరిగేవాళ్ళలో కొందరు అల్లిక తెచ్చుకుంటారు. బల్లల మీద జిగ్సా బొమ్మ సగం పేర్చి ఉంటుంది. ఒకరు వదిలేసిన ఆకాశాన్ని తర్వాతి పడవలో ఇంకొకరు పూరిస్తారు. ఇది చూసి మావాడు, ఏడేళ్ళవాడు, మనసు పారేసుకున్నాడు.

నాకున్న ఒకే ఒక తెలివి, జూలైని నమ్మకపోవడం. లంకవాళ్ళకి జూలై అంటే గోదారి ఎరుపెక్కే నెల. వేసవిలో నదీపాయకి అడ్డంగా వేసిన మట్టిబాట మొదటి వరదకే తెగిపోతుంది. మళ్ళీ నీళ్ళు తీసేదాకా పడవే దిక్కు. అందుకని ఇల్లు ఖాయం చేసుకోకుండా, ద్వీపంలో ఒక వారానికి ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నవంబర్లో. అప్పటికి మా అమ్మ కూడా వచ్చి ఉంది. పెద్దవాడికి వారం బడి మాన్పించాం. ఈ దేశంలో అదొక పెద్ద నేరం, టీచరుకి రెండు ఉత్తరాలు రాశాను.

మొదటి రోజు అమ్మని పడవెక్కించాం. ఆ మెట్లు, ఆ అద్దాల గది, ఆ కాఫీ కౌంటరు చూసి ఏమంటుందో అని నేనూ ఆయనా ఆవిడ మొహమే చూస్తున్నాం. అమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుని, చీర కుచ్చిళ్ళు సవరించుకుని, "ఆఖరి పడవ ఎన్నింటికమ్మా?" అంది.

అర్ధరాత్రి దాటాక కూడా ఒకటుందని చెప్పాను. తలూపింది. "ఉంటే ఎన్నింటికి అని కాదు. ఉంటుందా అని."

ఆ మాట విలువ గురువారం తెలిసింది. ఆ రోజు ఇద్దరం ఆఫీసులకి వెళ్ళాం. పొద్దున ఆయనకి గుమ్మం నుంచి గుమ్మానికి దాదాపు రెండు గంటలు పట్టింది: రేవుకి నడక, పడవ కోసం నిలబడటం, పడవ, దిగాక బస్సు, తేలే వంతెన. (ఇక్కడి సరస్సు మీద వంతెనలు నిజంగానే తేలుతాయి. 1990 నవంబర్ 25న అందులో ఒకటి మునిగింది కూడా. మరమ్మతుల్లో ఉండగా తుఫాను నీళ్ళు చేరి, అందరూ చూస్తుండగానే. అప్పటికి దానికి యాభై ఏళ్ళు.) నవంబర్లో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. సాయంత్రం కోల్మన్ డాక్‌కి వచ్చేసరికి గాలి. మేం ఎక్కాల్సిన పడవ రద్దని బోర్డు మీద పడింది. కోవిడ్ తర్వాత ఈ పడవలకి సిబ్బంది కొరత, ఓడలు పాతబడి వాటి కొరత వచ్చిపడ్డాయి, అప్పట్లో రద్దులు మామూలైపోయాయి. తర్వాతి పడవకి క్యూ పెరిగింది. అమ్మకి ఫోన్ చేస్తే మోగుతోంది, తీయడం లేదు.

ఆ క్యూలో నిలబడి నేను వేసిన లెక్కే ఈ వ్యాసం. ఇక్కడ డేకేర్ ఆరింటికి మూసేస్తారు. ఆలస్యమైతే నిమిషానికి ఇంత అని వడ్డిస్తారు. డబ్బు పోనీ. మూసిన తలుపు ముందు జాకెట్టు వేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని నిలబడ్డ నాలుగేళ్ళ పిల్ల సంగతేమిటి? అమ్మ ఆరు నెలలే ఉంటుంది. తర్వాత ఎవరున్నారు? బాథెల్లో అయితే వీధిలో ముగ్గురికి ఫోన్ చేస్తాను, ఒకరు కాకపోతే ఒకరు తెస్తారు. ద్వీపంలోనూ మంచివాళ్ళుంటారు, కానీ ఫోన్ చేయగలిగే చనువు ఏర్పడేసరికి ఎన్ని గాలివానలు పోవాలి?

ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటింది. ఎక్కడో చెట్టు తీగల మీద విరిగిపడి ద్వీపంలో సగానికి కరెంటు లేదు. లోపల ఒక్క కొవ్వొత్తి. అమ్మ ఫోన్ చార్జింగ్‌కి పెట్టుకోలేదట, పిల్లల్ని నిద్రపోనీయకుండా కథలు చెబుతూ కూర్చుంది. కరెంటు పొయ్యి వెలగదు కాబట్టి అటుకులు పెరుగులో కలిపి పెట్టింది. పిల్లలిద్దరూ గంతులేస్తూ వచ్చి, ఇంత బాగా ఎప్పుడూ గడవలేదన్నారు. మావాడైతే రేపు కూడా కరెంటు పోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

వాళ్ళు పడుకున్నాక అమ్మ అడిగింది, "తమ్ముడికి జ్వరమొచ్చిన రాత్రి గుర్తుందా నీకు?"

ఎందుకు గుర్తులేదు! నాకు ఆరో ఏడో ఏళ్ళు. అర్ధరాత్రి లేపి నన్ను కూడా రేవుకి తీసుకెళ్ళారు. నాన్న టార్చి ఊపుతూ కేకలేస్తున్నారు. చల్లటి ఇసక, ఆకాశం నిండా చుక్కలు. అవతలి గట్టు మీద చిన్న దీపం కదిలింది, పడవ వచ్చింది, నేను నీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. నా చిన్నప్పటి రాత్రుల్లో అంత అందమైనది ఇంకొకటి లేదు. ఈ ద్వీపం మీద నాకు మనసు లాగింది కూడా బహుశా ఆ రాత్రి వల్లే.

"గంటంపావు," అంది అమ్మ. "పడవ వచ్చేసరికి గంటంపావు. వాడికి రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి నా ఒళ్ళో."

ఆ సంగతి నాకు నలభై ఏళ్ళు వస్తున్నాయనగా తెలిసింది. నేను పుట్టిన ఏడే 1986 ఆగస్టు వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరద కథ వందసార్లు చెప్పింది అమ్మ. ఈ గంటంపావు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

శనివారం తిరిగొచ్చేముందు ఈగిల్ హార్బర్ ఒడ్డున ఉన్న స్మారకానికి వెళ్ళాం. 1942 మార్చి 30న ఈ ద్వీపంలోని జపాన్ సంతతివాళ్ళు 227 మందిని, చంటిపిల్లలతో సహా, సైనికులు ఆ రేవు దగ్గరే పడవెక్కించి నిర్బంధ శిబిరాలకి పంపారు. దేశంలో అలా మొదట ఖాళీ చేయించింది వీళ్ళనే. స్ట్రాబెర్రీ తోటల రైతులు చాలామంది. ఆ రేవుకి దిగే దారి పొడవునా దేవదారు చెక్క గోడ, దాని మీద పేర్లు, పక్కన వయసులు. మావాడు ఏడేళ్ళవాళ్ళ పేర్లు వెతికాడు. "మళ్ళీ ఇంటికొచ్చారా?" అని అడిగాడు. చాలామంది వచ్చారని చెప్పాను. తోటలు చూసిపెట్టిన ఇరుగుపొరుగువాళ్ళు ఉన్నారని, శిబిరాల కబుర్లు అచ్చేసిన ఊరి పత్రిక ఉందని చెప్పాను. ఆ గోడ దగ్గర నాకు ద్వీపం మీద కోపం రాలేదు, మోజూ తగ్గలేదు. పడవ దిగితే నడిచిపోయేంత దూరంలో ఆఫీసున్నవాళ్ళకి, ఇంట్లోంచే పనిచేసుకునేవాళ్ళకి, అక్కడే బతుకుతెరువున్నవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు ఉండదేమో. మాకు ఆ మూడూ లేవు.

బాథెల్లో ఇల్లు తీసుకున్నాం. అచ్చుపోసిన ఇళ్ళలో ఒకటి. మా ఆయన ఆర్నెల్లు అలిగారు, ఇప్పటికీ డాబా ఎక్కి అటువైపే చూస్తారు; అక్కడ కనిపించేది పక్కింటి కప్పు. నెలకో శనివారం నడిచి పడవెక్కుతాం. పిల్లలు జిగ్సా బల్ల దగ్గరికి పరిగెత్తుతారు. అమ్మ కాకినాడలో తమ్ముడి దగ్గరుంది.

పడవల యాప్ మాత్రం ఫోన్లోంచి తీసేయలేదు. నిన్న సాయంత్రం పప్పులో పోపు వేస్తుంటే మోగింది. బెయిన్‌బ్రిడ్జ్ పడవ ఒకటి రద్దయిందట. చిన్నది వంటగట్టు మీద కూర్చుని కరివేపాకు దూస్తోంది. టైము చూశాను. ఆరుంబావు.