జాబుకు జవాబు రావాలి

విదేశీయులు కనిపిస్తే పిల్లలు వెంటపడే రోజులు మా వైపు ఎప్పుడో పోయాయి. పుట్టపర్తికి వచ్చే భక్తులను మా తరం చిన్నప్పటి నుంచే చూస్తోంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి ఆర్డీటీ అనే సేవా సంస్థ మొదలుపెట్టాక, స్పెయిన్ వాళ్లు మారుమూల కాలనీల దాకా వచ్చి చాప మీద కూర్చున్నారు. 2019లో పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ తెరిచాక హైవే వెంట కొరియన్ అక్షరాల బోర్డులు లేచాయి. లేపాక్షి వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసేవాళ్లు సరేసరి. ఇంత ప్రపంచం గడప ముందు తిరుగుతోంది. అయినా కనగానపల్లిలో ఏడో తరగతి పిల్ల, ఇంకో దేశంలో ఏడో తరగతి చదివే పిల్లతో కలిసి ఒక పని చేసే సందర్భం ఎప్పుడో గానీ రాదు. చూడ్డానికి వచ్చినవాళ్లను చూడ్డం, ఫొటో దిగడం, అంతటితో సరి.

నిజానికి సగం దారి ఇప్పటికే వేసి ఉంది. ఆర్డీటీ ద్వారా స్పెయిన్ కుటుంబాలు ఇక్కడి పిల్లల చదువుకు ఆసరాగా నిలుస్తూ వచ్చాయి. ఆ పిల్లలు వాళ్లకు జాబులు రాస్తూ, బొమ్మలు వేసి పంపుతూ వచ్చారు. అలా రాసే పిల్లల పక్కన నేనూ కూర్చున్నాను. "నేను బాగున్నాను. మీరు బాగున్నారని తలుస్తాను. నేను బాగా చదువుకుంటున్నాను." ఒకరిది చూసి ఒకరు రాసినట్టు అన్నీ ఇవే మూడు వాక్యాలు. కింద బొమ్మ: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కొండల్లోంచి ఏరు, ఏటి ఒడ్డున కొబ్బరి చెట్టు, పూరిల్లు. ఆంధ్ర దేశంలో ఏ బడికి పోయినా ఇదే బొమ్మ.

"ఏమప్పా, మీ ఊర్లో ఏరు యాడుంది?" అని ఒకణ్ణి అడిగాను.

"ల్యా సార్. బొమ్మలో ఉంటాది గదా!" అన్నాడు, అంత మాత్రం తెలియదా అన్నట్టు.

వాడిని తప్పు పట్టలేం. బాగున్నావా అనేవాళ్లే గానీ, మీ ఊరు ఎలా ఉంటుందని నిలదీసి అడిగినవాళ్లు లేరు. సాయం చేసిన పెద్దవాళ్లకు రాసే జాబులో మర్యాద ఉంటుంది, కృతజ్ఞత ఉంటుంది. రెండూ ఉండాల్సిందే. వాదన మాత్రం ఉండదు. తోటి పిల్లకు రాస్తే ఉంటుంది. "మీ బొమ్మలో ఏరుంది, ఫొటోలో లేదేం?" అని ఆ పిల్ల అడిగి తీరుతుంది.

ఈ పద్ధతికి వందేళ్ల చరిత్ర ఉంది. సెలెస్టిన్ ఫ్రెనే అనే ఫ్రెంచి టీచరు మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తులకు దెబ్బ తగిలి, గంటల కొద్దీ పాఠం చెప్పే శక్తి లేక, 1920ల్లో తన కొండ ఊరి బడిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తమ ఇంటి సంగతులు, ఊరి సంగతులు రాసి తామే అచ్చువేసి, దేశానికి ఆ చివర సముద్రం ఒడ్డున ఉన్న బ్రిటనీ పల్లె బడికి పంపారు. వాళ్లవి వీళ్లకొచ్చాయి. దేశం ఒక్కటే, బతుకులు వేరు. 2005లో ఐరోపా బడులను ఇంటర్నెట్‌లో జతకట్టడానికి పెట్టిన ఈట్విన్నింగ్‌కు, నన్నడిగితే, ముత్తాత ఆ అచ్చుయంత్రమే.

మన దగ్గర విదేశాలతో ఇచ్చిపుచ్చుకోవడం అనగానే విమానమే గుర్తొస్తుంది. 2023 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల నుంచి పదిమంది విద్యార్థులు న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితికి వెళ్లొచ్చారు. జపాన్ 2014లో మొదలుపెట్టిన సకురా సైన్స్ కార్యక్రమం కింద మన దేశపు పిల్లలు కూడా వారం రోజులు అక్కడి ల్యాబులు చూసి వస్తున్నారు. మంచిదే, ఇంకా వెళ్లాలి. కానీ పదిమంది ఎక్కిన విమానం తరగతి గదిని మార్చదు. తిరిగొచ్చినవాళ్లకు శాలువా కప్పుతాం, పేపర్లో వేస్తాం, మరుసటి సోమవారం మామూలే.

నాకు అధికారముంటే కనగానపల్లికి స్పెయిన్‌లోని వాలెన్సియా బడి ఒకటి జతకడతాను. కారణం నీళ్లు. వాలెన్సియాలో ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి, పెద్ద చర్చి గుమ్మం ముందు, కాలువల కింది రైతులు ఎన్నుకున్న ఎనిమిది మంది పెద్దలు కూర్చుని నీటి తగాదాలు తీరుస్తారు. వకీళ్లు లేరు, వాదనంతా నోటి మాట మీదే. వందల ఏళ్లుగా నడుస్తున్న ఆ పంచాయతీని 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక కనగానపల్లిది చెరువు ఊరు. 2024 అక్టోబరు వానలకు ఆ చెరువు తెగితే పండమేరు వాగు పొంగి అనంతపురం కాలనీల్లోకి నీళ్లొచ్చాయి.

వాలెన్సియా పిల్లలు రాసే మొదటి ప్రశ్న ఇలా ఉంటుందనుకుందాం: "మీ చెరువు నీళ్లు ఎవరు పంచుతారు?" సోషల్ పుస్తకంలో జవాబు లేదు. గైడులోనూ లేదు. పిల్లలు నీరుగంటి పని చేసిన ముసలాయన్ని వెతుక్కుంటూ పోవాలి. తూము ఎప్పుడు ఎత్తేవారు, మరువ చివరిసారి ఎప్పుడు పారింది, ఆయకట్టు చివరి పొలానికి నీళ్లు అందాయా లేదా, అన్నీ అడగాలి. ఒకాయన చెప్పింది ఇంకొకాయన కాదంటాడు. ఇద్దరి మాటా రాసుకోవాలి. కట్ట పొడవు అడుగులేసి కొలవాలి, హంద్రీ-నీవా కాలువను పటంలో గుర్తించాలి. లెక్కలు, సోషల్, తెలుగు, ఇంగ్లీషు నాలుగూ ఒకే జాబులోకి వస్తాయి. ప్రాజెక్టు వర్క్ అంటే చార్టు కొని ఇంటర్నెట్ సెంటర్లో ప్రింట్లు తీసి అంటించడమని నేర్చుకున్న పిల్లలకు ఇది కొత్త పని.

ఇంకొకటి కూడా అడగొచ్చు. మన కదిరి-6 శెనక్కాయ గుత్తి రకం. ఆ రకాలను శాస్త్రవేత్తలు స్పానిష్ రకాలంటారు. వాలెన్సియా పేరుతోనూ ఒక రకముంది. శెనక్కాయ పుట్టిల్లేమో దక్షిణ అమెరికా. మా చేలో కాయకు మీ పేరెట్లా వచ్చిందని మన పిల్లలు నిలదీస్తే, వెతుక్కోవడం ఈసారి వాళ్ల వంతు.

భాష భయమా? ఇంగ్లీషు వాళ్లకూ ఇంటి భాష కాదు. లండన్ పిల్లల ముందు నోరు పెగలని మనవాడు, తనలాగే తడబడే వాలెన్సియా పిల్లవాడితో ధైర్యంగా మాట్లాడతాడు. గంటల తేడా కూడా కలిసొస్తుంది. మనకు మధ్యాహ్నం రెండయితే చలికాలంలో అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. రెండు బడులూ నడుస్తూనే ఉంటాయి.

టీచర్ల సంగతి వేరే చెప్పాలి. మన టీచరును పైనుంచి అడిగేవి రెండే: సిలబస్ అయిందా, యాప్‌లో ఫొటో పెట్టారా. ఈ పాఠం ఇలాగే ఎందుకు చెబుతున్నారని అడిగే తోటి మనిషి దొరకడు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి వాళ్లకు దొరికారు. 1987లో పద్మనాభరావు, రమ దంపతులు అక్కడి పల్లె పిల్లల కోసం ఒక పద్ధతి కట్టారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులు చేశారు. గోడ మీద నిచ్చెన బొమ్మ చూసుకుని ఏ పిల్ల మెట్టుకు తగ్గ కార్డు ఆ పిల్లే తీసుకుంటుంది. ఒకే టీచరు, అన్ని తరగతులూ ఒకే గదిలో. కర్ణాటకలో నలి-కలి, తమిళనాడులో కార్యకలాపాల బోధన దాన్నుంచే వెళ్లాయి. ఆ తర్వాత జర్మనీలోని రేగన్స్‌బర్గ్, వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయాల వాళ్లు వచ్చారు. ఒకే గదిలో రకరకాల వేగంతో నేర్చుకునే పిల్లలను ఎలా నడపాలన్నది వాళ్లకూ తెగని సమస్య. వాళ్లకు రాయలసీమ ఏకోపాధ్యాయ బడిలో దారి కనిపించింది. మన దగ్గర లేమిగా చూసినదాన్ని అక్కడివాళ్లు విద్యగా చూశారు. అలాంటి అతిథి ఏడాదికొకరు కనగానపల్లి వైపు వచ్చినా మన టీచర్లకు పది ఓరియంటేషన్ల పెట్టు.

ఈ మాట హెడ్మాస్టర్లకు, ఎంఈవోలకు. కొత్త పథకం అడగడం లేదు. ఒక తరగతికి వారానికి ఒక పీరియడ్ టైంటేబుల్లో రాసివ్వండి, ఒక టీచరుకు ఏడాది పాటు అప్పగించండి, మధ్యలో బదిలీ చేయకండి. ఇంగ్లీషు వచ్చిన నలుగురినే ముందు కూర్చోబెట్టకండి. చెరువు గురించి ఎక్కువ తెలిసింది చివరి బెంచీలో గొర్రెలకాపరి కొడుక్కు. జాబుల్లో పిల్లల ఇంటి అడ్రసులు, ఫోన్ నంబర్లు వద్దు. రాకపోకలన్నీ టీచరు పేరు మీదే సాగాలి. ఇక ఫ్లెక్సీ కట్టేదీ, ప్రెస్‌కు చెప్పేదీ అవతలి నుంచి మొదటి జవాబు వచ్చాకే పెట్టుకోండి.