మెన్నొనైటు కర్షకుల మరణవార్తలు : ఒక పరిశీలనము

1864వ సంవత్సరము జనవరిలో, అమెరికా అంతర్యుద్ధము ఇంకను సాగుచుండగనే, షికాగో నగరమున జాన్ ఎఫ్. ఫంక్ అను యువకుడు ‘హెరల్డ్ ఆఫ్ ట్రూత్’ అను మాసపత్రికను ఆరంభించెను. దానితోడనే ‘హెరోల్డ్ డెర్ వార్‌హైట్’ అను జర్మను కూర్పును వెలువడెను. ఆయుధము పట్టరాదను విశ్వాసము గల మెన్నొనైటు క్రైస్తవులు ఆ పత్రికకు పాఠకులు. వారిలో అత్యధికులు కర్షకులు. 1867లో పత్రిక ఇండియానా రాష్ట్రములోని ఎల్కార్టు పట్టణమునకు తరలినది. 1908లో మఱియొక పత్రికతో కలసి పేరు మార్చుకొనువఱకు నడచినది. అందలి మతవ్యాసములను నేడు చదువువారు అరుదు. మరణవార్తలను మాత్రము వంశవృక్షములు కూర్చుకొనువారు నేటికిని వెదకి వెదకి చదువుచున్నారు. వారికి కావలసినది పేరు, తేదీ. సాహిత్యవిమర్శకునకు ఈ వార్తలలో పనియేమి యను ప్రశ్న సహజము. పని కలదనియే మా అభిప్రాయము.

వార్త కట్టడము మొదట చెప్పవలెను. మరణించిన తేదీ, కౌంటీ, రాష్ట్రము, వ్యాధి ముందు వచ్చును. పిమ్మట పేరు. స్త్రీయైనచో ఎవరి భార్యయో, పుట్టినింటి పేరేమియో చెప్పుదురు. ఆపైన వయస్సు : ఇన్ని యేండ్లు, ఇన్ని నెలలు, ఇన్ని దినములు. ఏ ప్రార్థనాశాల చెంత భూస్థాపనము జరిగినదో, ఏ బోధకులు ప్రసంగించిరో, బైబిలులోని యే వాక్యమును గైకొనిరో చివరకు వచ్చును. వృద్ధులైనచో బిడ్డలెందఱు, మనుమలెందఱు, మునిమనుమలెందఱు అని లెక్క యుండును. ఇంతకుమించి ఒకటి రెండు వాక్యములున్న నుండును, లేకున్న లేదు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టరు కౌంటీనుండి వచ్చినను, కెనడాలోని వాటర్లూ కౌంటీనుండి వచ్చినను వరుస ఇంచుమించు ఇదియే.

సూత్రబద్ధమైనది కావున నిర్జీవమనుట మన విమర్శలో బాగుగ పాతుకొనిన యభిప్రాయము. శాసనములు చదివిన తెలుగు విద్యార్థి ఇంత సులభముగ అట్లు తలపరాదు. దానశాసనములో బిరుదావళి సూత్రమే, ఫలశ్రుతియు సూత్రమే. అయినను ఏ బిరుదు వదలిరి, ఏ బిరుదు చేర్చిరి అనుచోటనే చరిత్ర పలుకును. మెన్నొనైటు వార్తలో వింత యేమనగా, ఆ సూత్రమున స్తుతికి చోటు మిక్కిలి తక్కువ. మన చరమశ్లోకము గతించినవాని గుణములను ఎంచుటకే పుట్టినది. ఈ కర్షకులకు నమ్రత మతధర్మములలో ముఖ్యమైనది. బ్రదికియున్నవానిని పొగడుట వానికి శోధన తెచ్చును. చచ్చినవానిని పొగడుట బ్రదికియున్నవారికి శోధన తెచ్చును. కావున ‘సహోదరుడు సంఘమున విశ్వాసియై యుండెను’ అన్నంతటితో గుణవర్ణనము ముగియుట సర్వసాధారణము. అటులైన దుఃఖము ఎచటికి పోయినది?

అంకెలలోనికి పోయినదని మేమనుచున్నాము. ఎనుబది యేండ్ల వృద్ధుని వయస్సును దినములవఱకు లెక్కించుట వంశగౌరవమో అలవాటో అనుకొందము. మూడు నెలల శిశువు విషయమునను ఆ లెక్కయే, ఆ కొలతయే. వృద్ధునకు దినములు శేషము, అంతే. శిశువునకు దినములే ఆయుస్సు. చెప్పదగిన చేష్ట లేదు, నడచిన దారి లేదు. ఉన్నది ఇన్ని నెలలు, ఇన్ని దినములు అను మాట యొక్కటియే. దానిని తప్పక వ్రాసిపంపినవాడు తండ్రియో, మేనమామయో, ఊరి బోధకుడో. ఏ విశేషణమును ఆ అంకెతో తూగలేదు.

దీనికి మతపరమైన కారణమొకటి కలదు. దానిని గమనింపక పోయినచో ఈ వార్తల బరువు తెలియదు. మెన్నొనైటులు శిశువులకు బాప్తిస్మ మియ్యరు. తెలివి వచ్చి, తానుగా విశ్వాసమును ఒప్పుకొన్నవానికే బాప్తిస్మము. ఈ నియమము కొఱకే పదునాఱవ శతాబ్దిలో వారి పూర్వులు ఐరోపాలో ప్రాణములు కోల్పోయిరి. శిశుబాప్తిస్మము గల క్రైస్తవశాఖలలో పుట్టిన బిడ్డ పేరు బాప్తిస్మపు పుస్తకమున కెక్కును. ఇచట ఎక్కదు. ప్రభుత్వపు పుస్తకమా? పెన్సిల్వేనియాలో రాష్ట్రమంతట మరణముల నమోదు 1906లో గాని స్థిరపడలేదు. కుటుంబ బైబిలు మొదటి పుటలును, వానకు అరిగిపోవు సమాధిశిలయును తప్ప, ఆ బిడ్డ పుట్టెననుటకు పత్రికలోని మూడు పంక్తులే సాక్ష్యము. పేరు పెట్టకముందే పోయిన బిడ్డకు తండ్రి పేరే ఆధారము. ఇట్టి వార్తను ‘నిర్జీవ సూత్రము’ అనుటకు మాకు నోరాడుట లేదు.

ఈ అంకెలతో లెక్కలు కట్టు పరిశోధక విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఉదాహరణకు, ఒకరు 1871 మార్చి 5వ తేదీన 62 ఏండ్ల 4 నెలల 20 దినముల వయస్సున మరణించిరనుకొందము. ఏండ్లు, నెలలు తీసివేసి పిదప దినములు తీసివేసినచో పుట్టినదినము 1808 అక్టోబరు 16. దినములు ముందు తీసివేసి పిదప నెలలు, ఏండ్లు తీసివేసినచో అక్టోబరు 13. నెలలన్నియు సమానములు కావు కావున ఈ భేదము తప్పదు. వార్త పంపినవాడు ఏ వరుసను లెక్కించెనో వార్తలో నుండదు. వంశవృక్షములలో మూడు నాలుగు దినముల తగవులు పెక్కింటికి మూలమిదియే కావచ్చును. రోగముల పేర్లును ఇట్లే మోసము చేయును. ‘డ్రాప్సీ’ అనగా ఒంటికి నీరు పట్టుట. అది రోగము కాదు, లక్షణము. గుండెయో, మూత్రపిండములో, కాలేయమో చెడినచో నీరు పట్టును. ‘లంగ్ ఫీవర్’ అన్నచో చాలవఱకు న్యుమోనియా అని గ్రహింపవచ్చును.

ఇక డిఫ్తీరియా. ఆ రోగకారకమైన సూక్ష్మజీవిని 1883–84లలో గుర్తించిరి. విరుగుడు సీరము 1890 తరువాతనే వాడుకకు వచ్చెను. అంతవఱకు కంఠమున పొర కట్టి పిల్లలు ఊపిరాడక చచ్చుచుండిరి. ఒక యింట ప్రవేశించినచో ఒక బిడ్డతో పోవునది కాదు. ఇట్టి సందర్భములలో వార్త కట్టడము కదలిపోవుటను చూడవచ్చును. ఒకే తలిదండ్రుల పేరు క్రింద ఇద్దఱు, ముగ్గురు, అంతకు మించియు పిల్లల పేర్లు, పక్కపక్కనే తేదీలు, ఒక్కొక్కరికి వేఱుగ ఏండ్లు, నెలలు, దినములు. అందఱను కలిపి ఒక్క మాటలో చెప్పినచో చోటు కలసివచ్చెడిది, కాని అట్లు చెప్పరు. ఏ బిడ్డ లెక్క ఆ బిడ్డదే. ఈ సంయమమును మేము ఏ విలాపకావ్యమునకును తక్కువగ ఎంచము.

ప్రసంగవాక్యమును గూర్చియు ఒక మాట. వార్తలో అధ్యాయసంఖ్య, వచనసంఖ్య మాత్రమే యుండుట మెండు. మనము ‘గజేంద్రమోక్షము’ అన్న చాలును, వినువాని మనస్సున పద్యము తానే నడచును గదా! ఆ కర్షకులకు బైబిలు అట్టిది. శిశుమరణ ప్రసంగమునకు సమూయేలు రెండవ గ్రంథము 12వ అధ్యాయము గైకొనిరన్నచో, బిడ్డ జబ్బుపడినంత కాలము నేలపై బడి యేడ్చి, బిడ్డ పోయిన పిదప లేచి స్నానముచేసి భోజనమునకు కూర్చున్న దావీదు రాజు పాఠకుని కన్నుల ముందు నిలుచును. వార్త చెప్పని దానినంతయు ఆ రెండంకెలు చెప్పును.

అన్ని వార్తలును ఇంత నిగ్రహము కలవని మేమనుట లేదు. కొన్నింటి చివర పద్యములు చేర్చిరి. ఖాళీయైన కుర్చీ, ఆవలి తీరమున కలయిక వంటి భావములు చేతులు మారి మారి అరిగినవి. బిడ్డ పేరు మార్చిన ఏ బిడ్డకైనను చెల్లును. దినముల లెక్క అట్లు చెల్లదు. పద్యము చేరినచోట వార్త పలుచనగుట మాకు పెక్కుమార్లు తోచినది. ప్రమాదమరణములలో మాత్రము కథనము కొంత విస్తరించును. గుఱ్ఱము తన్నుటయో, ధాన్యపు కొట్టాము పైనుండి పడుటయో జరిగినచో ఎట్లు జరిగినదో చెప్పక వ్రాయువానికి నిలువదు. ఆ భాగములు నాటి సేద్యమును గూర్చి మంచి వచనము.

మైకేల్ లెసీ 1973లో ప్రకటించిన ‘విస్కాన్సిన్ డెత్ ట్రిప్’ అను గ్రంథమును ఇచట స్మరింపవలెను. బ్లాక్ రివర్ ఫాల్స్ ప్రాంతపు వార్తాపత్రిక తునుకలను, చార్లెస్ వాన్ షైక్ తీసిన ఛాయాచిత్రములను జతపఱచి, పందొమ్మిదవ శతాబ్ది చివరినాటి గ్రామసీమను ఉన్మాదము, ఆత్మహత్య, అంటురోగము నిండిన భూమిగ ఆయన చూపెను. గ్రంథము బలమైనదే. కాని ఏరి కూర్చుటలోనే ఆ భయానకము చాలవఱకు పుట్టినది. అందలి వార్తలు ఊరివారి కుతూహలమునకు పాత్రికేయుడు వ్రాసినవి. మన కర్షకుల వార్తలను వ్రాసినవారు సమాధిచెంత నిలిచినవారు. చదివినవారు అట్టి సమాధులు తమ యూళ్లలోను కలవారు. డిఫ్తీరియా రెండుచోట్లను ఒక్కటియే, వచనము ఒక్కటి కాదు.

మెన్నొనైటు అను పేరు నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములవారికి కొత్త కాదు. 1889లో రష్యానుండి అబ్రహాము ఫ్రీసెను దంపతులు తెలుగు దేశమునకు వచ్చి నల్లగొండలో నిలిచిరి. 1899లో అమెరికానుండి ఎన్. ఎన్. హీబర్టు హైదరాబాదు చేరెను. వారు మెన్నొనైటు బ్రదరెన్ శాఖవారు, ఫంక్ పత్రిక పాఠకులలో అధికులు వేఱు శాఖవారు. కావున రెంటిని కలిపి చెప్పరాదు. తెలుగు సంఘముల సమాధిశిలలను చదువబూను విద్యార్థి మాత్రము వయస్సును ఎట్లు చెక్కిరో తప్పక చూడవలెను. మన యిండ్లలో గతించినవారి మాసము, పక్షము, తిథి నిలుచును. తద్దినమునకు అవి చాలును. ఏ సంవత్సరమున పోయిరో మనుమల నాటికి మఱపున పడును. ఎన్ని దినములు బ్రదికిరో లెక్కించు వాడుక మనకు లేదు. ఆ శిలలపై తిథి నిలిచినదా, దినసంఖ్య నిలిచినదా, రెండును కలవా అనునది శిలలను చూచియే తేల్చవలెను.