అతుకుల దగ్గర పనితనం

టొరంటోకు ఉత్తరాన స్టీల్స్ అవెన్యూ దాటగానే వాన్ మొదలవుతుంది. కారున్నవాళ్లను చూసి కట్టిన ఊరిది. రోడ్లు వెడల్పు, దుకాణాలు దూరం దూరం, చాలా ఇళ్ల ముందు రెండేసి కార్లకు చోటు. పిల్లల దగ్గరికి వచ్చిన మన అమ్మానాన్నలకు ఎవరో ఒకరు కారు తీస్తే తప్ప గడప దాటలేమన్న సంగతి తొలి వారంలోనే తెలిసిపోతుంది. ఇలాంటి ఊళ్లో హైవే 7, జేన్ స్ట్రీట్ కలిసే చోట మాత్రం ఒక ఏర్పాటుంది. చేతికర్రతో ఒక పెద్దావిడ, వీల్‌చెయిర్‌లో ఒక కుర్రాడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బస్సు దిగి, లిఫ్టులో కిందికి వెళ్లి, రైలెక్కి టొరంటో నడిబొడ్డుకు పోవచ్చు. వాన్ మెట్రోపాలిటన్ సెంటర్ అని దాని పేరు. కట్టడంగా అది అందమైనదే. అయితే నేను మెచ్చుకునేది దాని అతుకులను.

వడ్రంగి నేర్పు పలక నునుపులో కంటే కాలూ పలకా కలిసే చోట బాగా తెలుస్తుంది. ప్రయాణంలోనూ అంతే. కాలిబాట నుంచి బస్సులోకి, బస్సు నుంచి రైలులోకి, ఒక ఊరి సర్వీసు నుంచి పక్క ఊరి సర్వీసుకి మారేచోటే మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆగిపోతాడు.

మొదటి అతుకు బస్సు గుమ్మం. మన పల్లెవెలుగు ఎక్కాలంటే కడ్డీ పట్టుకుని ఒళ్లంతా పైకి లాక్కోవాలి. వాన్‌లో తిరిగే యార్క్ రీజియన్ ట్రాన్సిట్ బస్సు గుమ్మంలో మెట్టే ఉండదు. లోపలి నేల రోడ్డుకు సుమారు 35 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత కిందికి దించాలంటే ఇంజనునూ దాని సరంజామానూ వెనక్కి నెట్టాలి. అందుకే ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా నేల సమంగా ఉండి, ఆ తర్వాతే మెట్లు వస్తాయి. పెద్దవాళ్లకు కేటాయించిన సీట్లు ముందు తలుపు పక్కనే ఎందుకున్నాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

స్టాపులో డ్రైవరు ఒక మీట నొక్కితే ముందు చక్రం పైనున్న గాలిసంచిలోంచి గాలి దిగి, బస్సు తలుపు వైపుకి కొన్ని అంగుళాలు ఒరుగుతుంది. ఇంకో మీటతో గుమ్మంలో మడిచి ఉన్న పలక తిరగబడి కాలిబాట మీద వాలి ర్యాంపు అవుతుంది. లోపల మడత సీట్లు పైకి లేపితే వీల్‌చెయిర్‌కు చోటు, దాన్ని కదలకుండా పట్టి ఉంచే పట్టీలు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది కనబడని భాగం. మనిషి ఎక్కి, కుదురుకుని, దిగే దాకా తగినంత సమయం ఇవ్వాలని ఒంటారియో రాష్ట్ర నిబంధనల్లోనే రాశారు. ఆ తీరిక డ్రైవరు మంచితనానికి వదిలేసింది కాదు, అతని ఉద్యోగంలో భాగం.

యార్క్ ట్రాన్సిట్‌లో 2005 సెప్టెంబరులో మొదలైన వివా బస్సులు దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లాయి. హైవే 7 నడుమ ఎర్రటి తారు పరిచిన వరసలు బస్సుల కోసమే. టికెట్టు స్టేషన్‌లోనే తీసుకోవాలి కాబట్టి గుమ్మంలో చిల్లర కోసం తడుముకునే పని లేదు, వెనక నిలబడ్డవాళ్లు గొణిగే సందర్భమూ రాదు. ప్లాట్‌ఫారం అంచున గరుకు పలకలుంటాయి. పాదానికీ చేతికర్ర కొసకూ అవే హెచ్చరిక.

చెవికి అందే పనితనం వెనక మాత్రం ఒక పోరాటం ఉంది. రాబోయే స్టాపు పేరు బస్సు పైకి చెప్పడం ఇప్పుడు ఎవరికీ వింతగా అనిపించదు. ఒకప్పుడు టొరంటో రవాణా సంస్థ ఆ పని క్రమంగా చేసేది కాదు. చూపులేని న్యాయవాది డేవిడ్ లెపోఫ్‌స్కీ మానవ హక్కుల ట్రైబ్యునల్‌కు వెళ్లి, 2005లో సబ్‌వే విషయంలో, 2007లో బస్సులూ ట్రాముల విషయంలో గెలిచారు. ఆ తర్వాత వచ్చిన నిబంధనలు స్టాపు పేర్లు వినిపించాలనీ, అక్షరాల్లో కనిపించాలనీ రాష్ట్రమంతటికీ చెప్పాయి. చూపున్నా ఊరు కొత్తైన మన పెద్దలకు కూడా ఆ గొంతే దారి చూపుతోంది.

ఇక అసలు అతుకు, బస్సుకూ రైలుకూ మధ్య. 2017 డిసెంబరు 17న తెరిచిన వాన్ మెట్రోపాలిటన్ సెంటర్ స్టేషన్, టొరంటో సబ్‌వేను తొలిసారి ఆ నగరం పొలిమేర దాటించింది. ఆ పొడిగింపు మొత్తం 8.6 కిలోమీటర్ల దారి, ఆరు స్టేషన్లు, సుమారు 320 కోట్ల డాలర్ల ఖర్చు. ఆరింటికీ లిఫ్టులున్నాయి. రోడ్డు నడుమ ఉండే వివా స్టేషన్‌కు చేరాలంటే మామూలుగా సగం రోడ్డు దాటాలి. ఇక్కడ ఆ గండాన్నే తీసేశారు. వివా దిగినవాళ్లు అక్కణ్ణుంచే కిందికి దిగి సబ్‌వే చేరొచ్చు. మామూలు సిటీ బస్సుల టెర్మినల్ 2019 నవంబరుకు గానీ రాలేదు, కానీ దాన్నీ భూగర్భ దారితో కలిపారు. మంచు కురిసే నెలల్లో ఆ దారి విలువ కీళ్లనొప్పులున్నవాళ్లనే అడగాలి.

స్టేషన్ రూపం గ్రిమ్‌షా ఆర్కిటెక్ట్స్ సంస్థది. పైకప్పు లోపలి వైపు పాల్ రాఫ్ స్టూడియో అద్దపు పలకలతో కూర్చిన కళాఖండం ఆకాశపు వెలుగును పట్టి లోపలికి చిమ్ముతుంది. చూపు మందగించినవారికి అది ఒట్టి అలంకారం అనిపించదు. రైలు పెట్టెలు ఆరూ మధ్యలో తలుపుల్లేకుండా ఒకటిగా కలిసి ఉంటాయి. ఎక్కడ ఎక్కినా లోపలే నడిచి ఖాళీ చోటు వెతుక్కోవచ్చు.

ఇంత చేసినా జేబు దగ్గర ఒక అతుకు చాలాకాలం విడిపోయే ఉంది. యార్క్ బస్సుకు ఒక ఛార్జీ, టొరంటో రైలుకు ఇంకొకటి. 2024 ఫిబ్రవరి 26 నుంచి నిర్ణీత సమయంలోపు మారితే రెండో ఛార్జీ లేదు.

మామూలు బస్సు ఎక్కలేనివారికి యార్క్ రీజియన్‌లో మొబిలిటీ ఆన్-రిక్వెస్ట్ అనే సేవ ఉంది. ముందుగా చెప్పుకుంటే బండి వస్తుంది. దీని వెనక ఉన్నది 2005 నాటి ఒంటారియో వికలాంగుల చట్టం, దాని కింద 2011లో వచ్చిన నిబంధనలు. వాటిని చదివితే మంచి మేస్త్రీ పని చూసినట్టే ఉంటుంది. దరఖాస్తుపై 14 రోజుల్లో నిర్ణయం చెప్పకపోతే, చెప్పేదాకా తాత్కాలిక అర్హత ఇవ్వాలి. తోడు లేనిదే కదల్లేని మనిషి వెంట వచ్చే సహాయకుడి దగ్గర ఛార్జీ తీసుకోకూడదు. ప్రయాణాలు ఇన్నే అని లెక్క పెట్టకూడదు. పక్కపక్కనే ఉన్న నగరాలు తమ ప్రత్యేక సేవలు ఒకదానితో ఒకటి కలిసేలా చూడాలి. చట్టం రాసినవాళ్లకూ మనిషి ఎక్కడ ఆగిపోతాడో తెలుసన్నమాట.

వాన్ స్టేషన్ కంటే 19 రోజుల ముందే, 2017 నవంబరు 28న, హైదరాబాద్ మెట్రో మొదలైంది. లిఫ్టులు అక్కడా ఉన్నాయి. లిఫ్టు దిగి రోడ్డు మీదికి వచ్చాక ఫుట్‌పాత్ వెతుక్కోవడమే కష్టం. ఆ తేడా డబ్బుతో మాత్రమే వచ్చింది కాదు, నిబంధనలను తప్పనిసరి చేయడంతో కూడా వచ్చింది. వికలాంగులకు అందుబాటు కోసం రాజీవ్ రటూరి వేసిన కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ విషయాన్నే చెప్పింది. అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదని, తప్పనిసరి చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం తయారుచేసింది. మనవాళ్లకు తెలియని సంగతి కాదిది. తెలిసినదాన్ని తప్పనిసరి చేయడమే మిగిలింది.

వాన్‌లోనూ అన్నీ అతికిపోలేదు. మంచు తోసే బండి వెళ్లాక స్టాపు ముందు గట్టు కడితే ర్యాంపు వాలడానికి చోటుండదు. ఒక్క లిఫ్టు మూలపడితే దారి మొత్తం తెగుతుంది. ఒంటారియో అంతా 2025 నాటికి అందరికీ అందుబాటులోకి రావాలన్న చట్టం గడువు దాటిపోయింది, పని మిగిలింది.

మన పాఠకులకు అన్నిటికంటే అక్కరకొచ్చే నిబంధన ఒకటి చివరికి ఉంచాను. ప్రత్యేక సేవలు ఊరివాళ్లకే పరిమితం కావు. అర్హత ఉంటే సందర్శకులకూ ఇవ్వాలి. అమ్మానాన్నలను పిలిపించుకునేవాళ్లు వీసా కాగితాలతో పాటు ఈ దరఖాస్తు సంగతీ చూసుకోవాలి. మామూలు బస్సు ఎక్కగలిగిన పెద్దలకు ఎలా ఎక్కాలో, ఎక్కడ మారాలో వెంట ఉండి నేర్పే మైరైడ్ శిక్షణ కూడా యార్క్ ట్రాన్సిట్‌లో ఉంది. అది నేర్చుకున్నాక లైబ్రరీకి వెళ్లడానికి నాన్న శనివారం దాకా కొడుకు తీరిక కోసం కాచుకోనక్కర్లేదు.