బెంగళూరుది కాని బెంగళూరు వంకాయ

ఈ వారం కాలమిస్టుగారికి కోపం తెప్పించింది ఒక కాయ. కూరగాయలు ఇంటికి తెచ్చిచ్చే యాప్ బిల్లులో 'చాయోటే, అర కిలో' అని ఉంది. సంచి విప్పితే బెంగళూరు వంకాయలు! లేతాకుపచ్చ రంగు, బోసినోరు బిగించినట్టు కొసన మడతలు. ఇంగ్లిషు పేర్లు తెలుగు కూరల్ని మింగేస్తున్నాయన్న పాత పాట ఆయన మళ్లీ ఎత్తుకున్నారు. కాప్సికం మీదా, బేబీకార్న్ మీదా పాఠకులు విన్న పాటే.

"వంకాయా అది? సొరకాయకు చుట్టం కదూ!" అంది వంటింట్లోంచి ఇల్లాలు.

నిజమే. దోస, సొర, గుమ్మడి కుటుంబం దానిది. లోపల ఒక్కటే బల్లపరుపు గింజ. చెక్కు తీస్తే వేళ్లకు జిగురంటుతుంది. అందుకే తెలిసినవాళ్లు నీళ్లలో ముంచి తీస్తారు.

ఆయన చిన్నప్పుడు బుట్ట అడుగున మరిచిపోయిన కాయ ఒకటి కొసన మొలక చాపింది. గింజ కాయలోనే మొలకెత్తే రకమిది. కాయకు కాయే పాతాలి. వాళ్లమ్మ నూతి పక్కన పాతింది. తీగ జామచెట్టంతా అల్లుకుంది, ఒక్క పిందె వేయలేదు. కోస్తా ఎండ దానికి పడదు, చల్లటి గాలి కావాలి.

ఆ చల్లదనం బెంగళూరులో ఉంది. 1874 నుంచి లాల్‌బాగ్ తోటను చూసుకున్న జాన్ కామెరాన్ దీన్ని అక్కడికి తెచ్చాడని చెబుతారు. కాయ ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ ఊరి పేరే తెలుగువాళ్లూ తమిళులూ పెట్టేశారు. మరి బెంగళూరువాళ్లో? 'సీమె బదనెకాయి' అంటారు. సీమ వంకాయ అన్నమాట. మన సీమచింతలో ఉన్న సీమే, పరాయి దేశం. ఇది మాది కాదని ఆ ఊరే చెప్పేసింది! డార్జిలింగ్ కొండల్లో ఇస్కుస్, మిజోరంలో ఇస్కుత్: రెండూ 'స్క్వాష్' అరిగిన రూపాలే.

అసలు పుట్టిల్లు మెక్సికో, దాని దక్షిణాది దేశాలు. అక్కడి నహువాల మాట 'చాయోత్లి'. స్పెయిన్‌వాళ్ల నోట అది చాయోటే అయింది. అంటే యాప్ రాసింది ఇంగ్లిషు పేరే కాదు. కాలమిస్టుగారు తిట్టిపోసిన పేరే అన్నిటికన్నా పాతది, 'వంకాయ'లా అబద్ధమూ ఆడదు.

పెసరపప్పు వేసి వండిన కూర తింటూ ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. యాప్‌వారికి ఒక్కటే విన్నపం: చాయోటేను అలాగే ఉంచి, పక్కన బెంగళూరు వంకాయ అని కూడా రాయండి. మీ ఊళ్లో దీన్ని ఇంకేమైనా అంటారా? ఉత్తరం రాయండి.