దేవిడీని ‘రాజప్రాసాదం’ అనవచ్చునా?

హైదరాబాదు దీవాన్ దేవిడీని తెలుగులో ‘రాజప్రాసాదం’ అని అనువదించడం సరికాదు. అది నిజాముది కాదు. 1853 నుండి 1883 వరకు దీవానుగా పనిచేసిన మొదటి సాలార్ జంగ్ వంశీకుల నివాసం. ‘దేవిడీ’ అంటే గడప, ముఖద్వారం. వాకిట్లోనే తిప్పి పంపడాన్ని మన విజయవాడ వన్ టౌన్‌లోనూ ‘దేవిడీమన్నా’ అంటాము. అందులోని ‘మన్నా’ అరబ్బీ నుండి వచ్చిన నిషేధవాచకం. కనుక ఈ మాట తెలుగుకు పరాయిది కాదు.

1949లో మూడవ సాలార్ జంగ్ మరణించారు. 1951లో అక్కడే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1968లో వస్తువులు కొత్త భవనానికి తరలిపోయాయి. తరువాత దేవిడీ కూలి, దుకాణాలు లేచాయి. వస్తువులు దక్కాయి, ఇల్లు దక్కలేదు. మిగిలిన పేరునైనా అనువాదకులు కూల్చకూడదు.