బిల్లు తగ్గించే సోలార్, దీపం నిలిపే సోలార్

ఆన్‌గ్రిడ్, ఆఫ్‌గ్రిడ్ సోలార్ రెండింటికీ డాబా మీద కనిపించే ప్యానెళ్లు ఒకటే. సిలికాన్ సెల్స్ మీద ఎండ పడితే డీసీ కరెంటు పుడుతుంది, ఇన్వర్టర్ దాన్ని ఇంట్లో వాడుకునే ఏసీగా మారుస్తుంది. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. ఇంతవరకు రెండింటికీ తేడా లేదు. పిల్లలు బడికి, పెద్దలు పనికి వెళ్లిన మధ్యాహ్నం మిగిలిపోయే కరెంటు ఎక్కడికి పోతుందన్న దగ్గర ఈ రెండూ విడిపోతాయి.

ఆన్‌గ్రిడ్‌లో ఆ మిగులు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) లైన్లోకి వెళుతుంది. నెట్ మీటర్ పోయినదీ వచ్చినదీ రెండూ లెక్కగడుతుంది. పగలు గ్రిడ్‌కు చేబదులిచ్చి, రాత్రి తిరిగి తీసుకోవడమన్నమాట. ఆఫ్‌గ్రిడ్‌లో మిగులంతా బ్యాటరీలోకి చేరాలి. అది నిండాక ఎంత ఎండ కాసినా దండగే. ఛార్జింగ్‌లో కొంత, వాడకంలో కొంత పోయి, లెడ్ యాసిడ్ బ్యాటరీలోకి వెళ్లిన కరెంటులో దాదాపు ఐదో వంతు తిరిగి రాదు. ట్యూబులర్ బ్యాటరీలకు డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, నాలుగైదేళ్లకు మార్చాలి. లిథియం బ్యాటరీలు ఎక్కువ కాలం మన్నుతాయి, ధర కూడా ఎక్కువే.

డబ్బు లెక్కలో ఆన్‌గ్రిడ్‌దే పైచేయి. కాకపోతే ఆ లాభం అందరికీ ఒకేలా అందదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 టారిఫ్ ప్రకారం గృహ వినియోగానికి మొదటి 30 యూనిట్లు యూనిట్‌కు 1.90 రూపాయలు. 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. సోలార్ యూనిట్లు బిల్లులోని పై స్లాబుల నుంచి కోసుకుంటూ కిందికి వస్తాయి. నెలకు 450 యూనిట్లు వాడే ఇంటి మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లుంటే, అవి ఇచ్చే 360 యూనిట్లకు ఈ రేట్ల ప్రకారం మిగిలేది దాదాపు 2,775 రూపాయలు. 100 యూనిట్లు వాడే ఇంటికి మొత్తం యూనిట్ల ఖర్చే 305 రూపాయలు. బిల్లంతా సున్నా చేసినా మిగిలేది అంతే. ఏసీ ఉన్న ఇంటికి కొన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తే, రెండు ఫ్యాన్ల ఇంటికి అది చాలా దూరం. ‘అందరికీ లాభం’ అనే ప్రచారంలో ఈ తేడా కనబడదు.

ఇక దీపం సంగతి. ఆన్‌గ్రిడ్ పెట్టించుకున్న చాలామందికి తెలియని విషయం ఒకటుంది: వీధిలో కరెంటు పోతే మిట్టమధ్యాహ్నమైనా ఆ సోలార్ ఆగిపోతుంది. ఇది లోపమనుకుంటారు గానీ, ప్రాణాలు కాపాడే ఏర్పాటు. లైన్ ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగలకూడదు. అందుకే గ్రిడ్ పోయిన మరుక్షణం ఇన్వర్టర్ తనంతట తానే ఆగేలా చేస్తారు. ఈ ఏర్పాటు ఉండాల్సిందే. కానీ ఆ మాట డబ్బు కట్టకముందే చెప్పాలి.

కరెంటు అరగంట పోయి వచ్చే నగరంలో ఇది పెద్ద ఇబ్బంది కాదు. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరాన్ని చీల్చినప్పుడు స్తంభాలు నేలకొరిగి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు బోరు నడవదు, ఫోను ఛార్జ్ కాదు, ఫ్రిజ్‌లో పెట్టిన ఇన్సులిన్ చల్లగా ఉండదు. నెలకు రెండు వేలు మిగిల్చిన ఆన్‌గ్రిడ్ సోలార్‌కు ఆ రోజుల్లో ఒక్క బల్బు వెలిగించే దారి లేదు. యూనిట్ల లెక్కలో ఓడిన బ్యాటరీ అక్కడ గెలుస్తుంది. అయితే ముందు ప్యానెళ్లు డాబా మీద నిలవాలి. బట్టలు, వడియాలు ఆరబెట్టుకోవడానికి చోటుంటుందని ఫ్రేమును ఎత్తుగా కట్టిస్తారు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది. తీరంలో ఆ ఫ్రేము బిగింపు మీద పెట్టే ఖర్చులో పొదుపు చూడకూడదు.

రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే హైదరాబాద్, విజయవాడ ఇళ్లకు ఆన్‌గ్రిడ్ అనే అంటాను. తుపాన్లు తాకే సోంపేట, కవిటి, భీమిలి వైపు మాత్రం ఆ మాట అనలేను. అక్కడికి తగింది హైబ్రిడ్. మామూలు రోజుల్లో మిగులు గ్రిడ్‌కు పోతుంది. గ్రిడ్ పోతే ఇన్వర్టర్ వీధి లైన్ నుంచి ఇంటిని విడదీసి, రెండు గదుల లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ ఉన్న విడి సర్క్యూట్‌ను బ్యాటరీతో నడుపుతుంది. ఇంటి మొత్తానికి సరిపడా బ్యాటరీ కొననక్కర్లేదు, ఆ సర్క్యూట్‌కు చాలినంత చాలు.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. ఆ రాయితీ లెక్క కిలోవాట్ల మీదే, బ్యాటరీకి విడిగా ఏమీ లేదు. బిల్లు భారం తగ్గించే లక్ష్యానికి అది సరిపోతుంది. తుపాను తీరానికి మాత్రం సరిపోదు. ఉత్తరాంధ్ర తీర మండలాల్లో చిన్న బ్యాటరీకి రాష్ట్రమైనా సాయం చేయాలి.